క్లాప్ స్ట్రైకరా, రైట్ బ్యాకా? మేనేజర్ల పొజిషన్ బోర్డు, ప్రాజెక్టు డైరీ

ఇది ఎందుకు మొదలైందో రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి వెళ్ళిపోతా. ఆదివారం ఫుట్‌బాల్ ఆట అయ్యాక టీ దగ్గర ఒకప్పటి లివర్‌పూల్ మేనేజర్ క్లాప్ ఆడే రోజుల్లో ఎక్కడ ఆడాడని గొడవ, మా బావ స్ట్రైకర్ (ముందుండి గోల్స్ కొట్టేవాడు) అంటాడు, మా కాలనీ కుర్రాడు రైట్ బ్యాక్ (కుడిపక్క డిఫెండర్) అంటాడు, ఇద్దరూ ఫోన్లు తీస్తారు, ఇద్దరికీ వాళ్ళ వాళ్ళ మాటే దొరుకుతుంది. మూడు వారాలు అదే గొడవ. అందుకని గోడకి తగిలించే గ్రౌండ్ బోర్డు ఒకటి చేసి, దాని మీద ఒక్కో మేనేజర్ (అంటే టీమ్ కోచ్) తను ఆడే రోజుల్లో ఎక్కడ నిలబడ్డాడో మాగ్నెట్‌తో పెడదాం అనుకున్నా. చెక్కపని కన్నా లెక్కలపనిలోనే ఎక్కువ దెబ్బలు తగిలాయి, అవే ఎక్కువ రాశా.

స్టేజ్ 1: బోర్డు (పెయింట్ మొత్తం ఊడొచ్చింది)

కొలత 1:100 తీసుకున్నా. అంటే గ్రౌండ్ మీద 1 మీటర్ బోర్డు మీద 1 సెంటీమీటర్. పెద్ద మ్యాచ్‌ల గ్రౌండ్ 105 x 68 మీటర్లు కాబట్టి బోర్డు మీద 105 x 68 సెం.మీ. 4 x 3 అడుగుల ప్లై ముక్క అంటే సుమారు 122 x 91, సో రెండు పక్కలా 8.5, పైనా కిందా 11.5 సెం.మీ. మార్జిన్ మిగులుతుంది. ఆ మార్జిన్ తర్వాత చాలా పనికొచ్చింది, తగ్గించొద్దు.

1. 6 మి.మీ. ప్లై, దాని మీద అంతే సైజు పల్చటి జీఐ షీట్ (ఇనుప రేకు).
2. షీట్‌ని ప్లైకి చెక్క జిగురుతో అంటించా.
3. షీట్ మీద నేరుగా పచ్చ ఎనామిల్ రెండు కోట్లు.
4. మాస్కింగ్ టేప్ వేసి తెల్ల గీతలు.

2, 3 రెండూ తప్పే. చెక్క జిగురు ఇనుప షీట్‌ని పట్టుకోదు, మూడో రోజుకి ఒక మూల పైకి లేచింది, వేలు పెట్టి లాగితే సగం షీట్ చేతికొచ్చింది. ఇంకా పెద్ద దెబ్బ ఏంటంటే జీఐ షీట్ మీద జింక్ పూత ఉంటుంది, దాని మీద ఎనామిల్ నేరుగా వేస్తే పట్టదు, నేను మాస్కింగ్ టేప్ లాగగానే తెల్ల గీతతో పాటు కింద పచ్చ పెయింట్ కూడా పొరలు పొరలుగా ఊడొచ్చింది. పెనాల్టీ బాక్స్ ఉండాల్సిన చోట మెరిసే రేకు కనిపిస్తుంటే చాలా బాధేసింది, నిజంగా.

ఇప్పటివరకు ఖర్చు: ప్లై 540, షీట్ 690, పెయింట్లు 310, టేప్ 60, జిగురు 120. మొత్తం ₹1,720. టైమ్ 7 గంటలు.

స్టేజ్ 2: మళ్ళీ మొదటి నుంచి

1. పెయింట్ మొత్తం గీకేసి, ఎమ్రీ పేపర్‌తో షీట్ మెరుపు పోయేదాకా రుద్దా.
2. షీట్‌ని, ప్లైని రెండింటినీ రబ్బర్ గమ్‌తో (రెండు వైపులా రాసి, కాసేపు ఆరనిచ్చి, అప్పుడు అతికించాలి) అంటించి రాత్రంతా ఇటుకలు పెట్టా.
3. జీఐకి పనికొచ్చే ఎచ్ ప్రైమర్ ఒక కోటు. షాపులో "జీఐ మీద వేసే ప్రైమర్" అని స్పష్టంగా అడగండి, మామూలు రెడ్ ఆక్సైడ్ ఇచ్చేస్తారు.
4. పచ్చ రెండు కోట్లు, మధ్యలో ఒక రోజు గ్యాప్.
5. టేప్ వేశాక, తెల్ల రంగు కన్నా ముందు టేప్ అంచుల మీద మళ్ళీ పచ్చనే ఒక పల్చటి కోటు. కారితే పచ్చే కారుతుంది, అంచు మూసుకుపోతుంది. దాని మీద తెలుపు. తెలుపు పూర్తిగా ఆరకముందే టేప్ తీసెయ్యాలి.

గీత వెడల్పు 3 మి.మీ. పెట్టా. రూల్ ప్రకారం గీత 12 సెం.మీ. దాటకూడదు, అంటే మన స్కేల్‌లో 1.2 మి.మీ., అంత సన్నం బ్రష్‌తో నాకు రాలేదు.

కాపీ చేసేవాళ్ళకి కొలతలు (సెం.మీ.లో): పెనాల్టీ బాక్స్ లోతు 16.5, వెడల్పు 40.3. చిన్న బాక్స్ లోతు 5.5, వెడల్పు 18.3. గోల్ 7.3. పెనాల్టీ స్పాట్ గోల్ లైన్ నుంచి 11. సెంటర్ సర్కిల్ రేడియస్ 9.15, పెనాల్టీ ఆర్క్‌కి కూడా అదే 9.15, స్పాట్ నుంచి కొలవాలి.

సర్కిల్ మొదట దారం కట్టి గీశా, దారం సాగి ఒక పక్క 9.6 వచ్చింది. అట్టముక్క స్ట్రిప్‌కి 9.15 దూరంలో రెండు చిల్లులు పెట్టి, ఒక దాంట్లో పిన్ను, ఒక దాంట్లో పెన్సిల్. పిన్ను షీట్‌లో దిగదు కాబట్టి మధ్యలో చిన్న రబ్బరు ముక్క అంటించి దాంట్లో గుచ్చా. సరిగ్గా వచ్చింది.

ఈ స్టేజ్ ఖర్చు ₹630 (ప్రైమర్ 260, ఎమ్రీ 40, గమ్ 150, కొత్త పచ్చ డబ్బా 180). మొత్తం ₹2,350. టైమ్ 12 గంటలు.

స్టేజ్ 3: మాగ్నెట్ల సైజు

ఇక్కడ తప్పు చిన్నదే కానీ దీని వల్లే అసలు విషయం నాకు అర్థమవడం మొదలైంది. 20 మి.మీ. గుండ్రటి మాగ్నెట్లు 24 కొన్నా, పేరు రాయడానికి చోటు ఉంటుందని. బోర్డు మీద పెట్టి చూస్తే 20 మి.మీ. బిళ్ళ అంటే గ్రౌండ్ మీద 2 మీటర్లే కదా అనుకున్నా, పేర్లు చదవాలని దాని మీద 10 సెం.మీ. పేపర్ చీటీ అంటించా, ఆ చీటీ గ్రౌండ్ మీద 10 మీటర్లు కప్పేస్తుంది. నలుగురు మేనేజర్లని మిడ్‌ఫీల్డ్‌లో పెడితే చీటీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎవడు డిఫెన్స్ ముందు నిలబడ్డాడో ఎవడు ఈ బాక్స్ నుంచి ఆ బాక్స్ దాకా తిరిగాడో ఏమీ తెలియట్లేదు. మా వాళ్ళు నోటితో చేసే పని కూడా అదే కదా, ఒక పెద్ద చీటీ తీసి మనిషి మీద అంటిస్తారు, కింద గ్రౌండ్ కనిపించదు.

మార్చింది: 8 మి.మీ. చిన్న మాగ్నెట్లు 40. మాగ్నెట్ మీద నంబర్ మాత్రమే, ఆ నంబర్ ఎవరో మార్జిన్‌లో లిస్టు.

ఇంకో తప్పు. టీమ్ ఎడమ నుంచి కుడికి అటాక్ చేస్తున్నట్టు పెట్టుకున్నా, కానీ రైట్ బ్యాక్‌ని బోర్డు పై అంచు దగ్గర పెట్టా. ఆడేవాడు కుడివైపు చూస్తూ నిలబడితే వాడి కుడి చెయ్యి బోర్డు కింది అంచు వైపు ఉంటుంది. క్లాప్‌ని వారం రోజులు లెఫ్ట్ బ్యాక్‌లో ఉంచా. మార్జిన్‌లో పెద్ద బాణం గీసి "అటాక్ ఇటు", కింద "కుడి వైపు ఇది" అని రాశా.

ఖర్చు: 360 + 280 = ₹640. మొత్తం ₹2,990. టైమ్ 15 గంటలు.

స్టేజ్ 4: లెక్కలు, మొదటి పద్ధతి ఫెయిల్

పద్ధతి: మేనేజర్‌కి ఒక్క మాగ్నెట్, ఒక్క పొజిషన్.

మొదటి పేరే క్లాప్, మొదటి పేరుకే ఆగిపోయింది. మైన్జ్ క్లబ్‌లో 1990 నుంచి 2001 దాకా ఉన్నాడు, జర్మనీ రెండో డివిజన్‌లో 325 లీగ్ మ్యాచ్‌లు, 52 గోల్స్. వచ్చింది స్ట్రైకర్‌గా, 1991లో ఎర్ఫుర్ట్ మీద ఒక్క మ్యాచ్‌లో నాలుగు కొట్టాడు. 1995లో డిఫెన్స్‌కి మారాడు, ఎక్కువగా రైట్ బ్యాక్. అదే ఏడాది వోల్ఫ్‌గాంగ్ ఫ్రాంక్ కోచ్‌గా వచ్చి, మిగతా జర్మనీ దాదాపు అంతా వెనకాల లిబరో (డిఫెన్స్ వెనక స్వేచ్ఛగా తిరిగే మనిషి) పెట్టుకుని మనిషికి మనిషి మార్కింగ్ చేస్తుంటే, మైన్జ్‌లో నలుగురిని ఒకే లైన్‌లో నిలబెట్టి జోన్ కాపాడటం, గుంపుగా ప్రెస్ చెయ్యడం (బంతి ఉన్నవాడి మీదకి ఎగబడటం) నేర్పాడు. క్లాప్ ఆ లైన్‌లో నిలబడి అది నేర్చుకున్నాడు. మరి ఒక్క మాగ్నెట్ ఎక్కడ పెట్టాలి? రెండూ కలిపి సగటు తీస్తే మాగ్నెట్ కుడిపక్క మిడ్‌ఫీల్డ్‌లో పడింది, అది ఆయన ఆడని చోటు.

స్టేజ్ 5: రెండో పద్ధతి, గోల్స్ / మ్యాచ్

మా బావ ఐడియా ఇది. "52 గోల్స్ కొట్టినోడు బ్యాక్ ఎట్లయితడు బావా" అన్నాడు. సరే లీగ్ గోల్స్‌ని లీగ్ మ్యాచ్‌లతో భాగిద్దాం, నంబర్ ఎంత పెద్దదైతే అంత ముందుకి పెడదాం అనుకుని లెక్కల షీట్ చేశా. కింద ఉన్న గార్డియోలా, కూమన్ కూడా ఆట మానేశాక మేనేజర్లైనవాళ్ళే.

- క్లాప్, మైన్జ్: 52 / 325 = 0.16
- గార్డియోలా, బార్సిలోనా: 6 / 263 = 0.02
- రోనాల్డ్ కూమన్, బార్సిలోనా: 67 / 192 = 0.35

ఈ లెక్క ప్రకారం బోర్డు మీద అందరికన్నా ముందు కూమన్, క్లాప్ కన్నా రెట్టింపు స్ట్రైకర్. కానీ ఆయన బార్సిలోనాలో అందరికన్నా వెనక ఆడినవాడు, లిబరో! పెనాల్టీలు, ఫ్రీకిక్‌లు ఆయనే కొట్టేవాడు. 1992 మే 20న వెంబ్లీలో సాంప్డోరియా మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో బార్సిలోనాకి మొదటి యూరోపియన్ కప్ తెచ్చిన గోల్ కూడా ఫ్రీకిక్కే. 1993-94 చాంపియన్స్ లీగ్‌లో 8 గోల్స్‌తో టాప్ స్కోరర్లలో ఒకడు, డిఫెండర్ అయ్యుండి. ఇంకోపక్క గార్డియోలా 0.02తో సెంటర్ బ్యాక్ కన్నా వెనక పడ్డాడు, ఆయన డిఫెన్స్ ముందు నిలబడి ఆట నడిపించిన మిడ్‌ఫీల్డర్.

ఒకడిని ఇంకొకడితో పోల్చడానికి ఈ లెక్క పనికిరాదు. పడేద్దాం అనుకుంటుండగా, తర్వాత ఇంగ్లండ్ మేనేజర్ అయిన సౌత్‌గేట్ నంబర్లు వేశా, అక్కడ మాత్రం బాగా పనిచేసింది:

- క్రిస్టల్ ప్యాలెస్: 15 / 152 = 0.10
- ఆస్టన్ విల్లా: 7 / 192 = 0.04
- మిడిల్స్‌బరో: 4 / 160 = 0.025
- మొత్తం: 26 / 504 = 0.05

ఇక్కడ చూడండి. ప్యాలెస్‌లో ఆయన ప్రధానంగా మిడ్‌ఫీల్డర్, 1993-94లో కెప్టెన్‌గా రెండో డివిజన్ గెలిపించాడు. 1995లో విల్లాకి వెళ్ళాక అక్కడి మేనేజర్ బ్రయాన్ లిటిల్ ఆయన్ని సెంటర్ బ్యాక్‌గా మార్చాడు. మారిన చోట నంబర్ సగానికన్నా కిందకి పడింది. మొత్తం కలిపిన 0.05 చూస్తే ఈ సంగతి ఏమీ తెలియదు. అందరికీ ఆయన 1996 యూరో సెమీస్‌లో జర్మనీ మీద మిస్ చేసిన పెనాల్టీతోనే గుర్తు, అప్పటికి సెంటర్ బ్యాక్, అందుకే పుట్టినప్పట్నుంచీ డిఫెండరే అనుకుంటారు. నాకూ అదే ఇంప్రెషన్ ఉండేది, ఈ నాలుగు లైన్లు వేసేదాకా.

సో మార్పు: గోల్స్/మ్యాచ్ అనేది ఒకే మనిషిని, క్లబ్ మారినప్పుడల్లా విడగొట్టి చూడటానికే. ఎక్కడ నంబర్ ఠక్కున పడిందో అక్కడ వెతకాలి, పొజిషన్ మారి ఉండొచ్చు. తీర్పు మాత్రం ఆ నంబర్‌తో ఇవ్వకూడదు.

స్టేజ్ 6: మూడో పద్ధతి, చొక్కా నంబర్

కాలనీ కుర్రాడి ఐడియా. పాత రోజుల్లో 1 నుంచి 11 వరకే నంబర్లు, నంబర్ చూస్తే పొజిషన్ తెలిసిపోతుంది కదా అన్నాడు. ఇంగ్లండ్‌లో 1993కి ముందు కొంతవరకు నిజమే. అక్కడ ఆగిపోతే బాగుండేది, నేను అన్ని దేశాలకీ వాడేశా.

1. ఆర్డిలెస్. అర్జెంటీనా ఆటగాడు, తర్వాత టోటెన్‌హామ్, న్యూకాజిల్ మేనేజర్. 1982 వరల్డ్ కప్‌లో చొక్కా నంబర్ 1. నా షీట్ ఆయన్ని గోల్‌లో పెట్టేసింది. అర్జెంటీనా అప్పట్లో అక్షరక్రమంలో నంబర్లు ఇచ్చేది, ఆయన ఇంటిపేరు ఏ తో మొదలవుతుంది, అంతే. ఆయన మిడ్‌ఫీల్డర్. వాళ్ళ గోల్‌కీపర్ ఫిలోల్‌ది 7.
2. గార్డియోలా. 4 నంబర్ అని అందరికీ తెలుసు, కానీ 1992 వెంబ్లీ ఫైనల్లో వేసుకుంది 10. ఆ రోజు 4 కూమన్‌ది.
3. అసలు 4 అంటేనే ఒక్కో చోట ఒక్కో అర్థం. బార్సిలోనాలో డిఫెన్స్ ముందు మనిషి, అర్జెంటీనాలో రైట్ బ్యాక్, బ్రెజిల్‌లో సెంటర్ బ్యాక్.

చొక్కా నంబర్ కాలమ్ మొత్తం డిలీట్ చేశా. రెండు సాయంత్రాలు పోయాయి దీనికి. మీరు ఈ కాలమ్ పెట్టొద్దు.

స్టేజ్ 4, 5, 6 కలిపి ఖర్చు సున్నా, టైమ్ 11 గంటలు. మొత్తం ₹2,990, 26 గంటలు.

స్టేజ్ 7: ఇప్పుడు వాడుతున్న పద్ధతి

1. మేనేజర్‌కి ఒక్క నంబర్, కానీ ఎన్ని పొజిషన్లుంటే అన్ని మాగ్నెట్లు, అన్నిటి మీదా అదే నంబర్.
2. మాగ్నెట్ నుంచి మాగ్నెట్‌కి ఊలు దారం, మారిన ఏడాది దారం మధ్యలో చిన్న చీటీ మీద.
3. ఏడాది రాయకుండా మాగ్నెట్ పెట్టకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం, మా బావ అయినా సరే.
4. రెండు చోట్ల ఒకే మాట కనిపిస్తేనే పెట్టాలి. ఒకదాని నుంచి ఇంకోటి కాపీ కొట్టిన సైట్లు రెండు కాదు, ఒకటే. వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటే కాపీ అని పట్టుకోవచ్చు.
5. దారం పొడవు కొలిచి షీట్‌లో రాయాలి.

అయిదోది సరదాకి మొదలుపెట్టా కానీ ఇప్పుడు నాకు అదే ఇష్టం, ఎందుకంటే 1 సెం.మీ. అంటే 1 మీటర్ కాబట్టి ఆ మనిషి గ్రౌండ్ మీద ఎంత దూరం జరిగాడో సూటిగా తెలుస్తుంది. మాగ్నెట్ ఎక్కడ పెట్టాలి అనేది నా అంచనా కాబట్టి ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ.

- క్లాప్: స్ట్రైకర్ నుంచి రైట్ బ్యాక్, 1995. దారం 69 సెం.మీ.
- సౌత్‌గేట్: మిడ్‌ఫీల్డ్ నుంచి సెంటర్ బ్యాక్, 1995. 31 సెం.మీ.
- బెకెన్‌బావర్ (జర్మనీ): 1966 వరల్డ్ కప్‌లో మిడ్‌ఫీల్డర్‌గా 4 గోల్స్, 1974లో కప్పు ఎత్తేసరికి లిబరో. 35 సెం.మీ. (మేనేజర్‌గా 1990లో మళ్ళీ గెలిచాడు.)
- మథేయుస్ (ఈయనదీ జర్మనీయే): 1990 వరల్డ్ కప్‌లో మిడ్‌ఫీల్డ్‌లో కెప్టెన్, 4 గోల్స్, తర్వాత లిబరో. 40 సెం.మీ.
- గార్డియోలా: దారం లేదు, ఒక్క మాగ్నెట్. కూమన్‌కి బార్సిలోనా వరకే పెట్టా కాబట్టి ఒక్కటే. ఆర్డిలెస్ ఒక్కటే.

దారం మొత్తం: 69 + 31 + 35 + 40 = 175 సెం.మీ. ముడులకి ఒక్కోదానికి 4 సెం.మీ. ఎక్కువ కత్తిరించండి, నేను మొదటిది సరిపోక పారేశా. ఊలు వేలాడుతుంటే మధ్యలో ఇంకో ఖాళీ మాగ్నెట్ పెట్టి నొక్కండి, కొన్న 20 మి.మీ. మాగ్నెట్లు నాకు అలా ఉపయోగపడ్డాయి.

ఒకటి గమనించా, దారాలన్నీ వెనక్కే వెళ్తున్నాయి. ముందు ఆడి వెనక్కి జరిగినవాళ్ళే నా లిస్టులో ఉన్నారు. వెనక నిలబడితే గ్రౌండ్ అంతా ఎదురుగా కనిపిస్తుంది, మేనేజర్ అవడానికి అది పనికొస్తుందేమో అని నాకు అనిపిస్తుంది, కానీ నలుగురితో ఏదీ తేలదు, పేర్లు ఇంకా పెరగాలి.

ఊలు రెండు రంగులు ₹50. మొత్తం ₹3,040. టైమ్ 29 గంటలు.

స్టేజ్ 8: ఒక్క మ్యాచ్ గొడవ

బోర్డు తగిలించిన మొదటి ఆదివారమే కొత్త సమస్య. నియాల్ క్విన్ పేరొచ్చింది, 2006లో సండర్లాండ్‌కి కొన్నాళ్ళు మేనేజర్. ఆడే రోజుల్లో స్ట్రైకర్, అందులో గొడవ లేదు. కానీ 1991 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ తరఫున డర్బీ కౌంటీ మీద గోల్ కొట్టి, తమ సిటీ కీపర్‌కే రెడ్ కార్డ్ వస్తే తనే గ్లవ్స్ వేసుకుని పెనాల్టీ ఆపాడు. అయితే గోల్‌కీపర్ అని కూడా మాగ్నెట్ పెట్టాలా? కుర్రాడు పెట్టాలంటాడు.

ఇంట్లో మా పెదనాన్న ఇది విని 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి ఎత్తాడు. మన హైదరాబాద్ రహీం సాబ్ అప్పుడు ఇండియా కోచ్. జర్నైల్ సింగ్ సెంటర్ బ్యాక్, తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి, డిఫెన్స్‌లో ఆడలేడు. రహీం సాబ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టకుండా ముందుకి తోసి సెంటర్ ఫార్వర్డ్ ఆడించాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. "మరి జర్నైల్ ఫార్వర్డా? కాదు. ఫార్వర్డ్ ఆడలేదా? ఆడాడు, బంగారం తెచ్చాడు. రెండూ రాయి, కానీ ఒకేలా రాయకు" అన్నాడు.

అది పట్టుకుని ఆరో రూల్: ఒకటి రెండు మ్యాచ్‌లకే అయితే మాగ్నెట్ కాదు, చాక్‌పీసుతో చిన్న సున్నా, పక్కన ఏడాది. క్విన్‌కి ముందు మాగ్నెట్, గోల్‌లో సున్నా, దారం లేదు. చాక్ ఎనామిల్ మీద జారిపోతోంది, వైట్‌బోర్డు మార్కర్ వాడండి, తుడిస్తే పోతుంది.

స్టేజ్ 9: తొమ్మిదో నంబర్

పెదనాన్న బోర్డు దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. "ఏరా, అందరూ బయటోళ్ళేనా? తంగరాజ్‌ని ఎక్కడ పెడతావ్?"

"గోల్‌కీపర్ కదా పెదనాన్నా, గోల్‌లోనే."

"అదే అంటారు అందరూ. మొదట్లో సెంటర్ ఫార్వర్డ్‌రా ఆయన."

పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ టీముల్లో గోల్‌కీపర్, ఆట మానేశాక కోచింగ్ చేశాడు. నాలుగో రూల్ ప్రకారం రెండు చోట్ల చూశా, పెదనాన్న మాట కరెక్టే, కుర్రాడిగా సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలై తర్వాత గోల్‌లోకి వెళ్ళాడు. నేను ఇన్ని వారాలు జర్మనీ, ఇంగ్లండ్ అంటూ తిరిగా, మన ఊరి మనిషి పేరే నా లిస్టులో లేదు, అది తప్పే.

మాగ్నెట్ ఒకటి అవతలి బాక్స్‌లో, ఒకటి ఇవతలి గోల్ ముందు. స్కేలు పట్టి కొలిస్తే 87 సెం.మీ. బోర్డు మీద అన్నిటికన్నా పొడవు, క్లాప్ కన్నా 18 ఎక్కువ. దారం మొత్తం ఇప్పుడు 262 సెం.మీ. ముడులతో కలిపి 91 కత్తిరించి ఒక కొస నేను కట్టా, గోల్ వైపు కొస పెదనాన్న కట్టాడు, కళ్ళజోడు పైకి జరుపుకుని, ముడి మూడుసార్లు వేసి.